ఉబ్బిన బుగ్గల నడక

కిందటి వారం కథని వంటింటి కిటికీ దగ్గర వదిలి వచ్చాం. కిటికీ గట్టు మీద నాలుగు గాజు గ్లాసులు. వాటిలో టీ, కాఫీ, నిమ్మసోడా, మంచినీళ్లు. ఒక్కో గ్లాసు అడుగున పన్ను రంగు బిళ్ల ఒకటి, చొక్కా గుండీ అంత. పుచ్చిన పంటిని తొలిచాక ఆ గుంటలో నింపే పదార్థంతో కోడలు స్వయంగా చేసి పెట్టిన బిళ్లలవి. అవి నానడం మొదలుపెట్టి నెల దాటింది. రోజూ పొద్దున్నే పాతవి పారబోసి కొత్తవి పోసే బాధ్యత అత్తగారిది. ఆ ఇంట్లో మనుషులకి కాఫీ ఆలస్యమైన రోజులున్నాయి గానీ బిళ్లకి ఆలస్యమైన రోజు లేదు.

ఇదంతా ఎందుకో కూడా గుర్తు చేసుకుందాం. కోడలు పళ్ల డాక్టరు. పెద్ద డాక్టర్ గారి క్లినిక్‌లో రెండో కుర్చీ ఆమెది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఆమె నింపిన పళ్లన్నీ రాయిలా ఉన్నాయి, మూడు తప్ప. ఆ మూడూ ఏడాది తిరక్కుండానే అంచులు విరిగి వెనక్కి వచ్చాయి. ఒకటి లెక్కల మాస్టారిది, ఒకటి ఫొటో స్టూడియో ఆయనది, మూడోది సాక్షాత్తూ మావగారి ముందు పన్ను.

పెద్ద డాక్టర్ గారు "చేతిపని లోపం" అని ఒక్క మాటలో తేల్చేశారు. ఆయన ముందు పన్ను ఒకటి పదేళ్ల కిందట నింపించుకున్నదే. ఇంతవరకూ చెక్కుచెదరలేదని వచ్చినవాళ్లందరికీ పై పెదవి ఎత్తి మరీ చూపిస్తారు. ఆ పన్ను ఆ క్లినిక్‌కి బోర్డు లాంటిది. ఈ మధ్య ఎందుకో పెదవి ఎత్తడం తగ్గించారు. పని ఒత్తిడి కాబోలు అనుకుంది కోడలు. షటిల్‌లో గెలిచిన కప్పులతో క్లినిక్ గోడ నింపేసిన మనిషి కూడా ఆయనే. ఓడటం ఆయనకి చేతకాదు. ఒకసారి ఓడి ఉంటే నేర్చుకునేవారేమో, ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

"ఆదివారం పార్కులో నడక అయ్యాక మీ ఇంటికే వస్తానమ్మా. మీ మావగారి పన్ను నేనే చూస్తాను," అన్నారాయన కిందటి వారం చివర్లో. "నీ పనిలోనే లోపమైతే సోమవారం నుంచి నింపడాలు వద్దు. రెండో కుర్చీకి ఇంకొకరిని చూసుకుంటాను. నువ్వు ముందుగదిలో టోకెన్లు ఇద్దువుగాని."

ఇవాళ ఆదివారం. ఆయన సాయంత్రం ఏడింటికి వస్తారు. ఇప్పుడు అయిదు దాటింది. ఇంటి కొడుకు ఊసు మనకెందుకు. ఇలాంటి రోజుల్లో ఆయనకి ఆఫీసులో తప్పించుకోలేని పని తగులుతుంది, ఆదివారమైనా సరే.

కోడలు నాలుగు బిళ్లల్నీ చిన్న పట్టకారుతో తీసి తెల్ల పళ్లెంలో వరసగా పెట్టింది.

"చూడండత్తయ్యా. నీళ్లలోది ఎలా వేశామో అలాగే ఉంది."

"నీళ్లేం చేస్తాయే పాపం."

"ఇది టీలోది."

అత్తగారు కళ్లజోడు సర్దుకుంది. "ఇదేంటి, పాత తోలు చెప్పు రంగుకొచ్చింది."

"రంగు పట్టింది. ఇప్పుడు గోటితో గీరండి."

గోరు జారింది. రంగు తప్ప బిళ్లకి వచ్చిన నష్టమేమీ కనిపించలేదు. కాఫీలోదీ అంతే. ఇక సోడాలోది. చూడటానికి దానికేమీ కాలేదు. రంగు లేదు, మరక లేదు, పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు బుద్ధిగా ఉంది. అత్తగారు గోరు ఆనించేసరికి సుద్దముక్క మీద గీసినట్టు ఒళ్లు జలదరించింది. కోడలు సూదిమొన లాంటి పనిముట్టుతో అంచు మీద గీస్తే అది జారకుండా గరుకులో చిక్కుకుని ఆగింది.

"మెరుపు పోయింది. పైపొర మెత్తబడింది. పులుపు చేసే పని ఇది," అంది కోడలు.

"అంటే, అమాయకంగా కనిపించేదే కొంప ముంచిందన్నమాట," అంటూ అత్తగారు హాల్లో పేపరు చదువుకుంటున్న భర్త వైపు చూసింది.

మావగారు బస్టాండులో అనౌన్సర్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయన గొంతు విని ఎక్కాల్సిన బస్సు కాకపోయినా ఎక్కినవాళ్లున్నారని చెప్పుకుంటారు. అలాంటి నోట్లో ముందు పంటి అంచు విరిగి చిన్న సందు పడింది. అప్పట్నుంచీ "స" అన్న అక్షరం వస్తే చాలు, ఆ సందులోంచి సన్నగా ఈల వచ్చేది. దాంతో ఆయన ఆ అక్షరంతో తెగతెంపులు చేసుకున్నారు. "సరే" అనాల్సిన చోట "అలాగే" అంటున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట "అలాగే" అన్న మాట అత్తగారు వినడం అదే మొదలు. రెండు రోజులు మురిసిపోయింది. మూడోరోజు పన్ను చూసింది.

"నా బూట్లు ఎక్కడోయ్? నడకకి టైమైంది," అన్నారు మావగారు పేపరు మడుస్తూ.

"బీరువా మీదున్నాయి. కుర్చీ ఎక్కి బూట్లు తీసుకుంటారో, కుర్చీలో కూర్చుని నోరు తెరుస్తారో మీ ఇష్టం."

ఆయన కుర్చీ ఎత్తు చూశారు, బీరువా ఎత్తు చూశారు, తన మోకాళ్ల వైపు చూసుకున్నారు. కూర్చున్నారు.

కోడలు నుదుటికి దీపం కట్టుకుని ట్యూబులైటు కింద ఆయన పెదవి పైకెత్తింది. అద్దంతో వెనక నుంచి చూసింది, ముందు నుంచి చూసింది, గాలి ఊది చూసింది. మాట్లాడగలిగే మనిషి నోరు తెరుచుకుని ఉన్నాడు కాబట్టి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

"రంగు టీది అత్తయ్యా," అంది చివరికి. "గరుకు మాత్రం టీది కాదు. టీ రంగేస్తుందే తప్ప కొరకదు. ముందు ఇంకేదో కొరికింది. పైన గరుకయ్యాక టీ వచ్చి ఇంకా గట్టిగా పట్టుకుంది. సోడా బిళ్లని ఓ పూట టీలో వేస్తే ఇలాగే ఉంటుంది." దీపం ఆర్పింది. "మావయ్యా, టీ కాకుండా ఇంకేం తాగుతున్నారు?"

"ఏమీ తాగనమ్మా."

"పార్కులో?"

"పార్కులో ఏముంటుంది, గాలి తప్ప."

"గాలికి చీమలు పడతాయా?" అంది అత్తగారు.

మావగారు మడిచిన పేపరు మళ్లీ విప్పబోయారు.

"మీ చొక్కా తగిలించే కొక్కేనికి చీమలు బారు కట్టాయి. జేబు కింద జిగట చుక్కలు. డాక్టరు చక్కెర వద్దన్నాడని టీ కూడా చప్పగా తాగుతున్నారు కదా మీరు. మరి ఆ చీమలు దేనికొచ్చాయి, మీ గొంతు వినడానికా?"

మావగారు నీళ్లు నమిలారు. ఆయన ఎప్పుడూ నీళ్లే నమిలి ఉంటే కథ ఇంతదూరం వచ్చేదే కాదని కోడలికి అప్పటికింకా తెలియదు.

"ఇంకోటి," అంది అత్తగారు. "కిటికీలో టీ గ్లాసు చూసి 'ఇవాళ మార్చావా' అని అడుగుతారు. కాఫీ చూసి 'ఎంత దండగ' అని బాధపడతారు. నీళ్ల గ్లాసుని కూడా ఓసారి మెచ్చుకున్నారు. ఆ మూడో గ్లాసు ఊసు మాత్రం ఒక్కనాడూ ఎత్తలేదు. అటు చూడకుండా వంటింట్లోంచి ఎలా బయటికెళ్లాలో మీకు బాగా వచ్చేసింది."

"నమ్మకపోతే మావాళ్లని అడుగు," అన్నారు మావగారు. నోరు జారడం అంటే ఇదే. ఎందుకంటే ఆ మావాళ్లు అప్పుడే ఇంటి ముందు నుంచి వెళ్తున్నారు.

పార్కు చుట్టూ తిరిగే దారి వాళ్ల గేటు ముందు నుంచే పోతుంది. ఆ దారిలో లెక్కల మాస్టారు, ఫొటో స్టూడియో ఆయన పక్కపక్కన నడుస్తున్నారు. ఇద్దరూ ఏడాదిగా మౌనంగానే నడుస్తున్నారు. అంతకుముందు వీళ్ల ముగ్గురి మాటలకి పార్కులో పిట్టలు వాలేవి కావు. ఉన్నట్టుండి నోళ్లు కట్టేసినట్టు మారిపోయేసరికి ఇళ్లలో ఆడవాళ్లు మొదట కంగారు పడ్డారు, తర్వాత ఆనందించారు. "మా ఆయన నడకలో ధ్యానం చేస్తున్నారు వదినా" అని మాస్టారి భార్య నలుగురికీ చెప్పుకుంది కూడా. ఆ ధ్యానంలో బుగ్గలు ఎందుకు ఉబ్బుతాయో ఎవరూ ఆలోచించలేదు. దొరికిన ప్రశాంతతని ఎవరు మాత్రం తవ్వి చూసుకుంటారు?

అత్తగారు హాలు కిటికీలోంచి పిలిచింది. "మాస్టారూ, ఒక్క క్షణం."

ఇద్దరూ ఆగారు. చేతులు జోడించి నమస్కారం పెట్టారు. నోట మాట లేదు.

"మావారు ఇవాళ నడకకి రారు. మీరు మాత్రం నాకొక లెక్క చెప్పి వెళ్లండి. ఏడెనిమిదులెంత?"

జీవితమంతా ఎక్కాలు చెప్పిన మనిషి. అడిగిన లెక్కకి జవాబివ్వకుండా ఊరుకోవడం ఆయన శరీరం ఒప్పుకోదు. మాస్టారి పెదవులు విడబోయి మళ్లీ బిగుసుకున్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. కుడిచెయ్యి ఎత్తి అయిదు వేళ్లు చూపించారు. తర్వాత రెండు చేతులూ ఎత్తి ఆరు చూపించారు.

"నోటితో చెప్పండి మాస్టారూ. ఇంతదూరం నుంచి నాకు వేళ్లు ఆనవు."

పక్కనున్న స్టూడియో ఆయనకి నవ్వొచ్చింది. అది నోట్లోంచి రావడానికి దారి లేక ముక్కులోంచి వచ్చింది. నవ్వు ఒక్కటే రాలేదు. నిమ్మకాయ వాసన గేటు దాటి, కిటికీ దాటి, లోపల ట్యూబులైటు దాకా వచ్చింది. మాస్టారు పెద్ద గుటక వేశారు.

"యాభై ఆరు," అన్నారు ఊపిరి పీల్చుకుని. వెంటనే కిటికీలోంచి కనిపిస్తున్న మావగారి వైపు వేలు చూపించారు. "నేను ముందు మింగినట్టు లెక్క వెయ్యడానికి వీల్లేదు. ఆవిడ అడిగితే మింగాను."

కోడలు మెల్లగా వెనక్కి తిరిగింది. "మావయ్యా. ఏం తాగుతున్నారు?"

మావగారు గోడ వైపు చూశారు, గడియారం వైపు చూశారు. ఇక తప్పదు. నెలన్నరగా నోటి గడప దాటనివ్వని అక్షరాన్ని బయటికి వదిలారు.

"సోడా."

ఆ ఒక్క మాటకి పన్ను వేసిన ఈలకి వీధి చివర పడుకున్న కుక్క తలెత్తి చూసింది.

కాసేపట్లో పెద్దమనుషులు ముగ్గురూ హాల్లో సోఫా మీద ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు. అత్తగారు టీ ఇవ్వలేదు. మంచినీళ్లు మాత్రం ఇచ్చింది.

"నువ్వే చెప్పావమ్మా," అన్నారు మావగారు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి ఈలలు ధారాళంగా వస్తున్నాయి. "పన్ను నింపిన రోజే చెప్పావు. టీ తాగాక తప్పనిసరిగా నోరు పుక్కిలించండి మావయ్యా అని."

"నీళ్లతో మావయ్యా."

"పార్కులో నీళ్లెక్కడివి? కొళాయి ఎండిపోయి ఎన్నాళ్లయిందో. టీ కొట్టు పక్కనే నిమ్మసోడా బండి. సోడా అంటే మాత్రం ఏంటి, నీళ్లే కదా, కాస్త గాలి ఎక్కువ. పైగా నురగొస్తుంది. పళ్లు తోమే పేస్టుకీ నురగే కదా వచ్చేది. ఇంకా బాగా శుభ్రమవుతుందనుకున్నాను."

"అనుకుని మీ మటుకు మీరు ఊరుకోవచ్చు కదా," అంది అత్తగారు.

"మంచి విషయం కదా అని వీళ్లకీ చెప్పాను."

"చెప్పడమంటే మామూలుగా కాదండీ," అన్నారు స్టూడియో ఆయన. "బెంచీ ఎక్కి మూడుసార్లు చెప్పారు. ప్రయాణికులకి విజ్ఞప్తి అన్న ఫక్కీలో."

"ఎంతసేపు నోట్లో ఉంచితే అంత శుభ్రం అన్నారు," అన్నారు మాస్టారు. "ఒక గుక్క పోసుకుని పార్కు చుట్టూ ఒక రౌండు పూర్తయ్యేదాకా మింగకూడదు. మెల్లమెల్లగా అది పోటీ అయింది. ముందు మింగినవాడు ఓడిపోయినట్టు."

"ఉమ్మెయ్యచ్చు కదండీ," అంది కోడలు నీరసంగా.

ముగ్గురూ ఆమె వైపు జాలిగా చూశారు. "అంత మంచి సోడా ఉమ్ముతారా ఎవరైనా?" అన్నారు స్టూడియో ఆయన.

కోడలు తల పట్టుకుంది. ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక రెండూ కాసేపు వాయిదా వేసింది. "మామూలుగా తాగి మింగేస్తే ఇంత జరగదు మాస్టారూ. నోట్లో ఊరే నీరే పులుపుని కడిగేస్తుంది. మీరేం చేశారు? ఆ పులుపుని తీసుకెళ్లి పంటి మీద కూర్చోబెట్టి, అది ఎక్కడికీ పోకుండా బుగ్గలతో కాపలా కాశారు. రోజూ. ఆ పోటీలో నేను నింపినవే కాదు, అసలు పళ్లు కూడా ఓడిపోతాయి."

సోఫా మీద మూడు నాలుకలు ఒకేసారి పళ్లు తడిమి చూసుకున్నాయి.

"పోనీలే, కారణం తెలిసింది కదా," అంది అత్తగారు. "ఏడింటికి డాక్టర్ గారొస్తారు. ఈ ముక్కే ఆయనకి చెప్పండి."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "చెప్పడానికేం, చెప్పచ్చు. కానీ ఈ విషయం మా ఇంట్లో తెలిస్తే... నాకూ చక్కెర వద్దన్నారు."

"నా సంగతి అడక్కండి," అన్నారు స్టూడియో ఆయన. "మా ఆవిడ నా మౌనం చూసి అందరికీ గొప్పగా చెప్పుకుంటోంది."

కోడలు ఎవరినీ బతిమాలలేదు. పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి డబ్బాలో సర్దుకుంటోంది. అద్దం తుడిచింది. సూదిమొన తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది. రేపట్నుంచి వాటితో పని ఉండకపోతే ఎలా ఉంటుందో ఆ తుడవడంలో తెలిసిపోతోంది. అత్తగారికి అది చూడబుద్ధి కాలేదు. వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లి గ్లాసులు అటూ ఇటూ జరిపింది.

మావగారు లేచి నిలబడ్డారు.

"నేను చెప్తాను. ఎవరు ఏమనుకున్నా నాకేం." కోడలి దగ్గరికి వచ్చారు. "నీ చెయ్యి మంచిదమ్మా. నా నోరే మంచిది కాదు."

ఆ మాటల్లో ఈల వేసే అక్షరం ఒక్కటీ లేదు. అయినా ఆయన ఒక్కో మాటా ఆగి ఆగి పలికారు.

"చక్కెర సంగతి మాత్రం మనం తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం," అంది అత్తగారు. ఆ "తీరిగ్గా" అన్న మాట వినగానే మావగారికి పెద్ద డాక్టరంటే ఉన్న భయం కాస్తా పోయింది.

కోడలు నవ్వింది గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలబడలేదు. "మీరు చెప్పినా ఆయన వినరు మావయ్యా. మీరు మా మావయ్య. వీళ్లిద్దరూ మీ స్నేహితులు. అందరూ నా వైపు మనుషులే అంటారు. బిళ్ల చూపిస్తే ఇది గ్లాసు, నోరు కాదు అంటారు. ఆయనకి వాదనలో గెలవడమే కావాలి."

"మరి ఆయన నోరు మూయించాలంటే ఏం కావాలి?"

"నేను ముట్టుకోని పన్ను ఒకటి కావాలి అత్తయ్యా. ఇంకెవరో నింపింది, ఇన్నాళ్లూ బాగున్నది, ఈ సోడా పుక్కిలించడం మొదలుపెట్టాక గరుకు తేలింది. అలాంటిది ఒక్కటి దొరికితే ఆయన కూడా కాదనలేరు. ఎక్కడ తెస్తాను ఇప్పుడు?"

అప్పుడు హాల్లో ఒక చిత్రం జరిగింది. మాస్టారు స్టూడియో ఆయన వైపు చూశారు. స్టూడియో ఆయన మావగారి వైపు చూశారు. మావగారు చూడటానికి ఎవరూ మిగలక నేల వైపు చూశారు.

"ఏంటి?" అంది అత్తగారు.

"ఒక విషయం చెప్పడం మర్చిపోయాం," అన్నారు మావగారు. "మేం ముగ్గురం కాదు. కొన్ని నెలలుగా నలుగురం."

"నాలుగో ఆయనకి కారణాలవీ ఏం చెప్పలేదు," అన్నారు మాస్టారు. "పోటీ అని మాత్రం అన్నాం. ఎవరు ఎక్కువసేపు ఆపితే వాళ్లు గెలిచినట్టు అన్నాం. అంతే, ఇంక మిగతాది వినలేదు. ఇప్పటిదాకా ఒక్కరోజు కూడా ఓడిపోలేదు ఆయన."

"ఎవరాయన?"

జవాబుగా గంట మోగింది.

అత్తగారు వెళ్లి తలుపు తీసింది. గుమ్మంలో పెద్ద డాక్టర్ గారు. కాళ్లకి బూట్లు, మెడలో తువ్వాలు, నుదుటి మీద చెమట. రెండు బుగ్గలూ నిండుగా, బిగుతుగా, మెరుస్తూ ఉన్నాయి. "ఒక్క నిమిషం" అన్నట్టు చూపుడు వేలు పైకెత్తారు. ఆవిడ భుజం మీదుగా లోపలికి చూశారు. సోఫా మీద కూర్చున్న ఇద్దరి నోళ్లూ ఖాళీగా ఉన్నాయని గమనించారు. ఆయన కళ్లు వెలిగిపోయాయి. ఉబ్బిన బుగ్గ మీద వేలితో రెండుసార్లు తట్టి చూపించారు.

"చూశానండీ, మీరే గెలిచారు," అంది అత్తగారు ఎంతో మర్యాదగా. "రండి, లోపలికి రండి."

వంటింట్లోకి వెళ్లి శుభ్రంగా కడిగిన ఖాళీ గ్లాసు ఒకటి తెచ్చి ఆయన చేతికిచ్చింది. కిటికీ గట్టు మీదున్న నాలుగు గ్లాసులకి తోడు ఇది అయిదోది.

"మింగకండి డాక్టర్ గారూ, ఇందులో ఉమ్మెయ్యండి. పారబోయం, దాచిపెడతాం." మావగారు కూర్చున్న కుర్చీని ట్యూబులైటు కిందికి సరిగ్గా జరిపింది. "అయ్యాక ఇలా కూర్చుని, మీ ముందు పన్ను ఒక్కసారి చూపించండి. పదేళ్లయినా చెక్కుచెదరలేదటగా. మా కోడలు చూసి నేర్చుకుంటుంది."

కోడలు నుదుటి మీద దీపం వెలిగించింది.

పెద్ద డాక్టర్ గారు గ్లాసు వైపు చూశారు. కుర్చీ వైపు చూశారు. ఆయన పై పెదవి పంటి మీద గడియ వేసిన తలుపులా ఇంకా గట్టిగా బిగుసుకుంది.